సున్నిత మనసుకు ఒక ఇల్లు, ఒక పని: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్ని కాదు. కడియపులంకలో ఒక మొక్కల నర్సరీలో అంట్లు కట్టే పని చూసుకుంటాను. అంతకుముందు నాలుగేళ్లు హైదరాబాద్‌లో ఒక కంపెనీ కస్టమర్ సపోర్ట్‌లో ఉన్నాను. "ఇదేం పిల్లమ్మా, మాటంటే చాలు కళ్లనీళ్లు పెట్టేసుకుంటుంది" అని చిన్నప్పట్నుంచీ అనిపించుకున్నదాన్ని. కింద ఉన్న ప్రశ్నలన్నీ నన్ను ఎవరో ఒకరు అడిగినవే. హాస్టల్లో పక్క మంచం అమ్మాయిలు, మా చుట్టాలు, మొక్కలు కొనడానికి వచ్చి మాటల్లో పడి పిల్లల సంగతి చెప్పుకున్న తల్లులు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పినవాటిని ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

సున్నిత మనసు అంటే ఏమిటి? అదొక జబ్బా?

జబ్బు కాదు. పుట్టుకతో వచ్చే స్వభావం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎలెయిన్ ఆరన్ 1990లలో దీని మీద పని మొదలుపెట్టారు. భర్త ఆర్థర్ ఆరన్‌తో కలిసి 1997లో పరిశోధన పత్రం ప్రచురించారు. వాళ్లు చెప్పిందాన్ని మన మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: కొందరి బుర్ర ప్రతి విషయాన్నీ లోతుగా నలిపి చూస్తుంది. అందుకే తొందరగా అలిసిపోతుంది. ఎదుటివాళ్ల సంతోషం, దుఃఖం రెండూ గట్టిగా తాకుతాయి. పక్కవాళ్లకు కనబడని చిన్న చిన్న తేడాలు కనబడతాయి.

అందరిలోనూ ఇది ఎంతో కొంత ఉంటుంది. 2018లో వచ్చిన ఒక అధ్యయనం మనుషుల్ని మూడు రకాలుగా చూసి వాటికి మూడు పూల పేర్లు పెట్టింది. ఎక్కడ పడితే అక్కడ మొలిచే డాండెలియన్ లాంటివాళ్లు దాదాపు 29 శాతం, మధ్యస్థంగా ఉండే తులిప్ లాంటివాళ్లు 40 శాతం, చోటు కుదిరితేనే పూసే ఆర్కిడ్ లాంటివాళ్లు 31 శాతం. డాండెలియన్ మనకు పరిచయం లేని మొక్క, గరిక అనుకోండి. ఆర్కిడ్ మాత్రం మా షేడ్ నెట్ కింద రోజూ చూస్తాను. మామూలు ఎర్రమట్టిలో పెడితే నాలుగు రోజుల్లో వేరు కుళ్లిపోతుంది. అదే మొక్కను కొబ్బరి పీచు, బొగ్గుముక్కల్లో పెట్టి గాలి తగలనిస్తే నెలల తరబడి పూలు నిలుపుతుంది. దాన్ని జబ్బు మొక్క అని మా దగ్గర ఎవరూ అనరు.

నేనూ అలాంటి మనిషినేనా? ఎలా తెలుస్తుంది?

పెళ్లికి వెళ్లొచ్చాక మీ ఒంట్లో ఏం జరుగుతుందో గమనించండి. మేళం, డీజే, సెంటు వాసనలు, లైట్లు, వంద పలకరింపులు. అందరూ ఇంటికొచ్చి ఇంకా కబుర్లు చెప్పుకుంటుంటే మీకు మాత్రం చీకటి గదిలో గోడకేసి తిరిగి పడుకోవాలనిపిస్తుందా? ఆఫీసులో ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారని అందరికంటే ముందు మీకే తెలుస్తుందా? చొక్కా వెనక లేబుల్ గుచ్చుకుంటే పనిమీద మనసు నిలవదా? పాట వింటూ ఒళ్లు జలదరించి కళ్లు చెమ్మగిల్లడం మామూలా? వీటిలో చాలావాటికి అవునని తలూపి ఉంటే, అదీ చిన్నప్పట్నుంచీ అయితే, ఈ పేజీ మీకే. ఈ మధ్యే మొదలైతే మాత్రం అలసట కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. డాక్టర్ గురించి కింద రాశాను, అది ముందు చదవండి.

అంటే నలుగురిలో కలవనివాళ్లా?

అలా ఏమీ లేదు. ఎలెయిన్ ఆరన్ లెక్క ప్రకారం సున్నిత మనస్కుల్లో దాదాపు 30 శాతం మంది జనంలో ఉండటాన్ని ఇష్టపడేవాళ్లే. మా పెద్దమ్మ అలాంటి మనిషే. ఇంటినిండా చుట్టాలుండాలి, సాయంత్రమయ్యేసరికి తలనొప్పీ రావాలి.

"లైట్ తీసుకో", "తోలు మందం చేసుకో" అంటారు. సాధనతో వస్తుందా?

నేను రెండేళ్లు ప్రయత్నించాను. ఫోన్లో కస్టమర్ అరుస్తుంటే వినబడనట్టు కూర్చోవడం నేర్చుకున్నాను. పైకి బాగానే ఉండేది. టీమ్ లీడర్ మెచ్చుకున్నాడు కూడా. ఆ ఏడాదే అమ్మ ఫోన్ చేసినా మాట్లాడాలనిపించడం మానేసింది. నాకెంతో ఇష్టమైన గోదావరి మీది వాన కూడా వట్టి తడిలా అనిపించింది. తోలు మందమైతే అరుపొక్కటే ఆగదు, అమ్మ గొంతు కూడా ఆగిపోతుంది.

ఇది ఊరిని బట్టి కూడా ఉంటుంది. 1992లో చెన్, రూబిన్, సన్ అనే పరిశోధకులు కెనడా పిల్లల్నీ షాంఘై పిల్లల్నీ పోల్చి చూశారు. బిడియం, సున్నితత్వం ఉన్న పిల్లల్ని కెనడాలో తోటివాళ్లు దూరం పెట్టారు. షాంఘైలో అలాంటి పిల్లలే తోటివాళ్లకు ఇష్టులు. ఆ తర్వాత పన్నెండేళ్ల తేడాలో, 1990 నుంచి 2002కి వచ్చేసరికి, అదే షాంఘైలో అదే గుణం ఉన్న పిల్లల పరిస్థితి తలకిందులైంది. ఊళ్లో పోటీ పెరిగింది, పిల్లల స్వభావం మారలేదు. ఇది చదివినరోజు నాకు చాలా ఊరట కలిగింది. "లైట్ తీసుకో" అని ఎవరన్నా, ఆ మాటలో సగం ఈ కాలానిదని ఇప్పుడు తెలుసు.

నా జీవితానికి ఒక లక్ష్యం కావాలి. ఎక్కడ మొదలుపెట్టను?

ఇంటి దగ్గర మొదలుపెట్టండి. ఇంట గెలిచి రచ్చ గెలవాలని పెద్దలు అన్నది మనలాంటివాళ్లకు అక్షరాలా వర్తిస్తుంది. ఎక్కువమంది దీన్ని తిరగేసి చేస్తారు. నేనూ అలాగే చేశాను. నిద్రలేని హాస్టల్ గదిలో, ఆరుగురి మధ్య, పై బెర్తు లాంటి మంచం మీద కూర్చుని "నేను పుట్టిందెందుకు" అని డైరీలు నింపాను. ఒక్క జవాబూ రాలేదు. ఊరికొచ్చి మూడు నెలలు కంటినిండా నిద్రపోయాక, అసలా ప్రశ్నే అంత భయంకరంగా అనిపించలేదు.

దీనికి ఆధారముంది. ఇంగ్లండ్‌లో బాలికల కోసం ఒక బడిలో కుంగుబాటు రాకుండా శిక్షణ ఇచ్చి ఫలితం చూశారు. మైకేల్ ప్లూస్, ఇలోనా బోనివెల్ 2015లో ఆ వివరాలు ప్రచురించారు. సున్నితత్వం ఎక్కువ ఉన్న అమ్మాయిలకు ఆ శిక్షణ బాగా పనిచేసింది. తక్కువ ఉన్నవాళ్లలో మార్పు కనబడలేదు. మంచి కూడా మనకే ఎక్కువ అంటుతుందన్నమాట. చెడ్డ చోటు మనల్ని ఎంత పాడుచేస్తుందో, మంచి చోటు అంతకంత బాగుచేస్తుంది. అందుకే ఇల్లు వెతకడానికి పెట్టే సమయాన్ని, డబ్బును దండగ అనుకోకండి.

అద్దె ఇల్లు చూసేటప్పుడు ఏం గమనించాలి?

టు-లెట్ బోర్డు చూసి ఆదివారం మధ్యాహ్నం ఒక్కసారి వెళ్లి అడ్వాన్స్ ఇచ్చేయకండి. నేను అలా ఇచ్చి ఏడాది ఏడ్చాను. ఆదివారం మధ్యాహ్నం ఏ వీధైనా ప్రశాంతంగానే ఉంటుంది. ఉదయం ఆరింటికి ఒకసారి, రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి వెళ్లండి. ఓనర్‌గారు అదోలా చూసినా ఫర్వాలేదు.

పడకగది గోడకు అవతల ఏముందో అడగండి. బోరు మోటారా, లిఫ్టా, పక్కింటివాళ్ల వంటగదా? తెల్లారకముందే మిక్సీ వేసే ఇంటి గోడకు తల ఆనించి పడుకుంటే అలారం అక్కర్లేదు. వీధి చివర ఫంక్షన్ హాల్ ఉందేమో చూడండి. కింద టిఫిన్ సెంటర్ ఉంటే నూనె వాసన పైకి ఎటు వస్తుందో చూడండి. పడమటి గోడ వేసవిలో రాత్రి పదకొండింటిదాకా సెగలు కక్కుతుంది, ఆ గదిలో పడుకోకపోవడం మంచిది. గదిలో తెల్ల ట్యూబ్‌లైటు ఒక్కటే ఉంటే పసుపు రంగు బల్బు ఒకటి కొనుక్కోండి, వంద రూపాయల పని. మందపాటి దుప్పటిని కర్టెన్ వెనక వేలాడదీస్తే వీధి హోరు సగం కాకపోయినా కొంత తగ్గుతుంది.

ఇంకో సంగతి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. రోజూ అదే గోలైతే అత్యవసర నంబర్ 112కి ఫోన్ చేసి చెప్పడం మీ హక్కు. "సర్దుకుపోవాలి కదా" అనే మాట మనకు బాగా అలవాటు కాబట్టి ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను.

మాది రెండు గదుల ఇల్లు, ఆరుగురం. విడిగా గది అనేది కలలో మాట. నాలాంటివాళ్ల సంగతేంటి?

గది లేకపోతే వేళ ఉంటుంది. మా చిన్నప్పుడు ఇంట్లో తొమ్మిదిమందిమి. పండగకు ఇల్లు హోరెత్తిపోతుంటే మా నానమ్మ నన్ను పిలిచి పెరటి వసారాలో చింతపండు ముందు కూర్చోబెట్టేది. గింజ తీయాలి, ఈనె తీయాలి, ముద్ద చేసి జాడీలో పెట్టాలి. వేళ్లకు జిగురు, ముక్కుకు పులుపు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. గంట తర్వాత నేనే లేచి పిల్లల్లోకి పరుగెత్తేదాన్ని. సున్నితం, గిన్నితం అన్న మాటలు ఆవిడకు తెలియవు. ఆ పనే నాకు గది అని మాత్రం తెలుసు.

మీ ఇంట్లో అలాంటి పని ఏముందో వెతకండి. డాబా మీద బట్టలు ఆరేయడం, మొక్కలకు నీళ్లు, తెల్లారుజామున అందరికంటే ముందు లేచి ముగ్గు. "ఈ అరగంట నాది, ఎవరూ పిలవొద్దు" అని చెప్పి పెట్టుకోండి. ఊళ్లో గ్రంథాలయం ఉంటే సాయంత్రం అక్కడ గంట కూర్చోండి.

ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పాలి? "నాటకాలు" అంటున్నారు.

స్వభావం గురించి ఉపన్యాసం ఇవ్వకండి, వాదన పెరుగుతుంది. కావలసింది ఒక్కటి, చిన్నది అడగండి. "నాన్నా, నేను పని నుంచి రాగానే పావుగంట టీవీ కట్టేస్తావా, తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం." మా నాన్న మొదట్లో విసుక్కున్నాడు. ఆ పావుగంట తర్వాత నేను నవ్వుతూ టీ పట్టుకెళ్లడం చూశాక, ఆయనే రిమోట్ పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. నాకిలా ఎందుకుంటుందో ఆయనకు ఇప్పటికీ తెలియదు. తెలియకపోయినా జరిగిపోతోంది.

అయితే ఒక మాట. చెప్పినకొద్దీ ఎగతాళి చేసేవాళ్లు, మీ ఏడుపును ఆయుధంగా వాడుకునేవాళ్లు, చెయ్యి చేసుకునేవాళ్లు ఉన్న ఇంట్లో పావుగంటలు, పసుపు బల్బులు పనిచేయవు. అక్కడ మీ సున్నితత్వంలో లోపం లేదు. బయటపడే దారి చూసుకోవాలి. మహిళలకు 181 హెల్ప్‌లైన్ ఉంది.

పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. ముందే చెప్పాలా?

చెప్పండి. "నాకు రోజులో కాసేపు ఒంటరిగా ఉండటం అవసరం, అలిగినట్టు అనుకోవద్దు" అనండి చాలు. ఆ మాటకు అవతలి మనిషి ముఖంలో ఏం కదిలిందో మీకు తెలిసిపోతుంది. ఆ కళ్లు మనకు ఊరికే ఇవ్వలేదు దేవుడు.

మేం అమెరికాలో ఉన్నాం. ఇక్కడ నిశ్శబ్దమే, అయినా మనసు బాగుండదు. ఎందుకు?

మా చెల్లెలు డాలస్ దగ్గర ఉంటుంది, తనూ ఇదే అడిగింది. అన్నీ మూసిన కిటికీలు, పక్కింటివాళ్ల పేరు తెలియదు, మంచు పడితే చప్పుడే లేదు. మనసుకు ఊరట ఇచ్చేది చెవికి చప్పుడు లేకపోవడం ఒక్కటే కాదు. మనల్ని ఎరిగిన గొంతు కూడా ఉండాలి. తను ఇప్పుడు శనివారం పొద్దున్న ఫోన్ స్పీకర్‌లో పెట్టి వంట చేసుకుంటుంది. ఇటు పక్క అమ్మ రాత్రి గిన్నెలు సర్దుకుంటూ ఉంటుంది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. తెలుగు సంఘాల పెద్ద పెద్ద వేడుకలు తనకు పడలేదు. పిల్లలకు తెలుగు నేర్పే ఒక చిన్న బృందంలో చేరాక తేలికపడింది.

సరే, ఇల్లు కుదిరింది. ఇప్పుడు లక్ష్యం సంగతి?

లక్ష్యం అనగానే కొండ శిఖరం గుర్తొస్తుంది మనకు. నాకు మాత్రం అది చేతివేళ్ల దగ్గర దొరికింది. ఊరికొచ్చిన కొత్తలో బాబాయి నర్సరీలో లెక్కలు రాయడానికి వెళ్లేదాన్ని. ఒకరోజు మందార కుండీల పక్కన నడుస్తూ, ఆకు కింద ఈనె దగ్గర ఆవగింజలో సగం ఉన్న తెల్లటి చుక్క చూశాను. పిండినల్లి. అక్కడ పనిచేసేవాళ్లకు అప్పటికింకా కనబడలేదు. వారం ఆగితే ఆ వరసంతా పోయేది. బాబాయి ఏమీ అనలేదు, మర్నాడు లెక్కల పుస్తకం వేరేవాళ్లకు ఇచ్చి నన్ను అంట్ల దగ్గర కూర్చోబెట్టాడు.

మామిడి అంటు కట్టడం చూశారా? వేరు మొక్క తల తెంపి, కాండాన్ని మధ్యకు చీల్చాలి. పైన పెట్టే పుల్లను రెండువైపులా ఏటవాలుగా, ఉలి మొనలా చెక్కాలి. రెంటి బెరడు కింది పచ్చని పొర ఒకదానికొకటి ఆనాలి. వెంట్రుకవాసి జరిగినా అతకదు. పాలిథిన్ పట్టీ బిగువుగా చుట్టాలి, మరీ బిగిస్తే నలుగుతుంది. ఆపైన రెండు మూడు వారాలు ఎదురుచూడటమే. ఎంత బిగువో ఎవరూ మాటల్లో చెప్పలేరు, వేళ్లకు తెలియాలి. హైదరాబాద్‌లో నాకు శాపమైన ఈ ఒళ్లే ఇక్కడ పనిముట్టయింది.

మీ విషయంలో అది మొక్కలు కానక్కర్లేదు. మీరు ఊరికే గమనించే సంగతులేమిటో నెలరోజులు కాగితం మీద రాయండి. అక్షర దోషాలు కంటికి కొడతాయా? రోగి ముఖం చూడగానే నొప్పి ఎక్కడో తెలుస్తుందా? తాళం తప్పితే కడుపులో దేవినట్టు ఉంటుందా? వెనక బెంచీ పిల్లాడు అన్నం తినకుండా వచ్చాడని పసిగడతారా? ఎవరూ జీతమివ్వకపోయినా మీ కన్ను ఎటు పోతుందో అటు ఒక చిన్న పని చేసి చూడండి, వారానికి రెండు గంటలు. ఆ పని అయ్యాక ఒళ్లు అలిసినా మనసు తేటగా ఉంటే దాన్ని వదలకండి.

అయితే ఇప్పుడున్న ఉద్యోగం మానేయనా?

తొందరపడకండి. అప్పుల భయం కూడా చప్పుడే, రాత్రంతా వినబడుతుంది. నేను ఎనిమిది నెలల ఖర్చు పక్కన పెట్టుకుని వచ్చాను, అదీ చాలలేదు. ముందు ఉన్నచోట మార్చగలిగినవి మార్చండి: కూర్చునే సీటు, షిఫ్టు, భోజనానికి వెళ్లే వేళ, వారంలో ఇంటి నుంచి పనిచేసే రోజులు. కంపెనీ మారితే తీరే కష్టానికి వృత్తి మార్చుకున్నవాళ్లను చూశాను. రోజూ మనుషులను మోసం చేసే పని అయితే మాత్రం సర్దుబాట్లు పనిచేయవు, అది మనల్ని లోపల్నుంచి తింటుంది.

ఎవరు కష్టం చెప్పుకున్నా నేను రెండు రోజులు తేరుకోలేను. ఏం చేయాలి?

వినండి, కానీ వేళ పెట్టుకుని వినండి. రాత్రి పడుకునేముందు వద్దు. విన్నాక చేయగలిగిన ఒక్క పని చేయండి: ఒక ఫోన్ కాల్, ఒక పూట భోజనం. చేయగలిగింది ఏమీ లేకపోతే కాళ్లూ చేతులూ కడుక్కుని కాస్త నడవండి. మన పెద్దవాళ్లు చావింటికి వెళ్లొస్తే స్నానం చేయకుండా లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. ఆ ఆచారానికి వేరే కారణాలుండొచ్చు, నాకైతే ఆ నీళ్లు పనిచేస్తాయి.

మా బాబుకు ఏడేళ్లు. చప్పుడు అయితే చెవులు మూసుకుంటాడు, బడిలో ఎవరినో తిడితే వీడు ఏడుస్తాడు.

ముందు పిల్లల డాక్టర్‌కు చూపించండి. చెవులు మూసుకోవడానికి ఆటిజం వంటి ఇతర కారణాలు ఉండొచ్చు, తొందరగా తెలిస్తే మంచిది. స్వభావమే అయితే, "మగపిల్లాడివి, ఏడుస్తావా" అన్న మాట మీ ఇంట్లో ఎవరూ అనకుండా చూసుకోండి. ఏ జాతరకో, పెళ్లికో వెళ్లేముందు అక్కడేం ఉంటుందో చెప్పి తీసుకెళ్లండి: "బాణసంచా కాలుస్తారు, అప్పుడు మనం అరుగు మీదికి వచ్చేద్దాం." మొక్కను నీడ నుంచి ఎండకు మార్చేటప్పుడు మేం కూడా రోజుకు కాస్త చొప్పునే జరుపుతాం.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి దెబ్బతింటే, ఇష్టమైనవి కూడా రుచించకపోతే, గుండెదడతో బయటికి వెళ్లలేకపోతే, బతకడం దేనికి అనిపిస్తే వెళ్లాలి. ఆ చివరి మాట అనిపిస్తే ఇవాళే. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టింది. ఉచితం, రాత్రైనా పగలైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్‌లో నేనొకసారి ఒక మానసిక వైద్యురాలి దగ్గర ఆరు నెలలు మందు వాడాను. సున్నిత స్వభావం వేరు, కుంగుబాటు వేరు. మొదటిదానికి మంచి చోటు కావాలి, రెండోదానికి వైద్యం కావాలి. రెండూ కలిసి వస్తే రెండూ కావాలి.

నాకు 52 ఏళ్లు. ఇప్పుడు ఇల్లేమిటి, లక్ష్యమేమిటి?

మా దగ్గర అంట్లు కట్టే ఒక పిన్ని మీ వయసులోనే పనిలో చేరింది. భర్త పోయాక కోడలింట్లో హాల్లో మంచం. టీవీ పక్కనే నిద్ర. చేరిన కొత్తలో ఎవరు గట్టిగా మాట్లాడినా చీర చెంగు నోట్లో కుక్కుకునేది. నర్సరీ వెనక నీళ్ల తొట్టి పక్కన పాత సామాన్ల గది ఉంటే, బాబాయిని అడిగి సున్నం వేయించుకుంది. ఇప్పుడు మధ్యాహ్నాలు అక్కడే పడుకుంటుంది. రాత్రికి ఇంటికి వెళ్తుంది, మనవడికి కథ చెబుతుంది. ఆమె కట్టిన అంట్లను మేం వేరే వరసలో పెట్టి, కవరు మీద ఆమె పేరు రాస్తాం. నిన్న పొద్దున్న వాటిలో ఒకటి, పట్టీ పైన, రాగి రంగు చిగురు వేసింది. నన్ను పిలవకుండా చాలాసేపు ఒక్కతే చూస్తూ నిలబడింది.